వినికిడి – వెల – విలువ

ఇంట్లో కూర్చుని సంగీతం వినడానికి కొనుక్కునే యంత్రానికి ఎంత ధర పెట్టవచ్చు? ఎంతవరకు పెడితే అది ఆ ధరకు తగిన వస్తువు అవుతుంది? చూడడానికి ఇది అంగట్లో అడగవలసిన ప్రశ్నగాని, విమర్శవ్యాసంలో చర్చించవలసిన ప్రశ్న కాదనిపిస్తుంది. కాని ఈ ప్రశ్నకు మనవాళ్లు చెప్పే జవాబులు వింటే, వాటి వెనుక కళను గురించీ, అభిరుచిని గురించీ, మనిషి ఇంద్రియాలను గురించీ పెద్ద అభిప్రాయాలే దాగివున్నాయని తెలుస్తుంది. అందుచేత దీన్ని కొంచెం నిదానంగా పరిశీలించడం అవసరం.

ఈనాటి బజారులో ఒక యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు, పాట వినిపించే సాధనం ఒకటి – ఇవన్నీ కలిపి కొన్ని వేల రూపాయలకు దొరుకుతాయి. అవే పేర్లు గల పరికరాలు కొన్ని లక్షలకూ దొరుకుతాయి. కోటి దాటినవీ వున్నాయి. యాంప్లిఫయర్‌ను స్పీకర్‌కు కలిపే తీగకే లక్షలు అడిగే కంపెనీలున్నాయి, ఇచ్చేవారూ వున్నారు. ఈ సంగతి మాటలలో వచ్చినప్పుడు సాధారణంగా రెండు రకాల జవాబులు వినబడతాయి. "ఇదంతా కలవారి వేడుక, మనకెందుకు?" అని కొందరు కొట్టిపారేస్తారు. "ఎవరి డబ్బు వారిది, ఎవరి అభిరుచి వారిది, కాదనడానికి మనమెవరం?" అని మరికొందరు తప్పుకుంటారు. రెండూ ఆలోచించవలసిన పని లేకుండా చేసే జవాబులే.

మొదటి జవాబు చెప్పేవారి వాదం యిది: దేశంలో ఇంతమందికి కూడూ గుడ్డా కరువైవుండగా పాట వినడానికి లక్షలు తగలెయ్యడం పాపం. ఈ ఆవేదనలో నిజాయితీ వున్నది. కాని యీ తర్కాన్ని చివరిదాకా నడిపిస్తే ఎక్కడ తేలుతుందో చూడాలి. నూరు రూపాయల కవితాసంపుటి కూడా ఆకలిగొన్నవాడికి అన్నం కాదు. వీణ చెక్కే పనస చెక్కతో పొయ్యి వెలిగించుకోవచ్చు. ఆకలిని అడ్డుపెట్టి కళను నిషేధించడం మొదలుపెడితే అది ధనవంతుడి ఇంటి ముందు ఆగదు. పేదవాడి గుడిసెలోని డప్పుదాకా వస్తుంది. పేదవాడికి కడుపు మాత్రమే వున్నదనీ, చెవి లేదనీ అనుకోవడం అతని మీద ప్రేమ కాదు. మనిషి పంచేంద్రియాలు పుట్టుకతో సిద్ధంగా వచ్చినవి కావనీ, వాటిని పదును పెట్టడానికి మానవచరిత్ర అంతా పట్టిందనీ మార్క్స్ తన 1844 నాటి రాతప్రతులలో వివరించాడు. మంచి నాదాన్ని కోరే చెవి ఆ చరిత్ర సంపాదించిన ఆస్తి. దాన్ని విలాసమని తీసిపారెయ్యడం ఎవరికీ మేలు చెయ్యదు.

రెండవ జవాబు చెప్పేవారు అభిరుచిని ఆకాశంనుంచి ఊడిపడిన వస్తువుగా భావిస్తారు. అభిరుచి మనిషి ఒంటరిగా పెంచుకునేది కాదు. ఇల్లు, బడి, స్నేహితులు, పత్రికలు, వ్యాపార ప్రకటనలు అన్నీ కలిసి దాన్ని తయారుచేస్తాయి. వస్తువు ధర కూడా అభిరుచిని తయారుచేస్తుంది. ఒక ధ్వని నాకు బాగుందని నేను అన్నప్పుడు, ఆ మాట అన్నది నా చెవియా, లేక పెట్టెమీద అతికించిన ధర చీటీయా అన్నది తేల్చవలసిన విషయమే. అది తేలకుండా "ఎవరి అభిరుచి వారిది" అనడం అంగడివాడికి ఉపయోగపడుతుంది గాని వినేవాడికి ఉపయోగపడదు.

కాబట్టి ముందు చెవి సంగతి చూద్దాం.

ఆరోగ్యవంతుడైన యువకుడి చెవి సెకనుకు సుమారు 20 కంపనలనుంచి 20,000 కంపనలదాకా గల ధ్వనులను పట్టుకోగలదు. వయసు పైబడినకొద్దీ పై అంచు తగ్గుతూ వస్తుంది. నడివయసు దాటేసరికి చాలామందికి 15,000 పైన వున్నది వినబడడం మానేస్తుంది. మరికొందరికి 12,000 దగ్గరే ఆగిపోతుంది. లక్షలు పెట్టి అత్యున్నత స్వరాలను కొనగల స్తోమత మనిషికి సాధారణంగా ఏ వయసులో వస్తుందో ఆలోచిస్తే, ఇందులోని పరిహాసం బోధపడుతుంది. 1982లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన కాంపాక్ట్ డిస్క్ అమ్మకానికి వచ్చింది. అందులో సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా రాస్తారు. సెకనుకు 22,000 కంపనలదాకా వుండే ధ్వనిని తిరిగి యథాతథంగా నిర్మించడానికి ఈ లెక్క చాలును. అంటే మనిషి చెవికి కావలసినంత సమాచారం నలభయ్యేళ్ల కిందటే సామాన్యుడు కొనగల పళ్లెంలోకి వచ్చి చేరిందన్నమాట.

ఐతే సమాచారం వుండడం వేరు, అది ధ్వనిగా మన చెవిదాకా రావడం వేరు. ఇక్కడ యంత్రం మంచిదీ చెడ్డదీ అనే భేదం నిజంగానే వున్నది. ఈనాడు కోట్లాదిమంది పాట వింటున్నది చేతిలోని ఫోను అంచున వుండే చిన్న రంధ్రం గుండా. ఆ చిన్న రేకు మంద్రధ్వనులను పలికించలేదు. అది దాని ప్రకృతి. మృదంగంలో ఎడమచేతి కింద పలికే గంభీరనాదం అందులో దాదాపు మాయమవుతుంది. వీణ మంద్రస్థాయి సన్నబడిపోతుంది. తంబుర శ్రుతి గాయకుడి వెనుక నేలలా పరుచుకుని వుండవలసింది, ఈగ రొదలా మారుతుంది. ఇలా విన్నవాడు సంగీతం వినలేదని కాదు. పటంలో కొండను చూసినట్టు విన్నాడు. అదే పాటను ఒక మాదిరి మంచి స్పీకర్ల జతలోనో, జాగ్రత్తగా ఎంచిన రెండు మూడు వేల రూపాయల ఇయర్‌ఫోనులోనో వింటే, ఇంతకాలం ఏమి పోగొట్టుకున్నామో మొదటి నిమిషంలోనే అర్థమవుతుంది. దీనికి ఏ శాస్త్రవేత్త సాక్ష్యమూ అక్కరలేదు. ఈ మెట్టు ఎక్కడానికి పెట్టే డబ్బు సద్వినియోగమే. ఇంతవరకు సందేహం లేదు.

చిక్కు వచ్చేది ఈ మెట్టు దాటిన తరువాత. అక్కడినుంచి ధర పదింతలై, నూరింతలై పోతూవుంటుంది. ధ్వని మాత్రం అంగుళం, అర అంగుళం, చివరికి వెంట్రుకవాసి కదులుతుంది. చాలాచోట్ల అసలే కదలదు. ఇది నా ఊహ కాదు. జాగ్రత్తగా చేసిన ప్రయోగాలు తేల్చిన విషయం. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ధ్వనిశాస్త్రజ్ఞులు 1994లో ఒక పరీక్ష ఫలితాలను ప్రకటించారు. వారు స్పీకర్లను ఒకసారి కళ్లెదుట పెట్టి, మరొకసారి తెరచాటున పెట్టి, అదే శ్రోతలచేత మార్కులు వేయించారు. కళ్లెదుట వున్నప్పుడు పెద్దవిగా, ఖరీదైనవిగా కనబడిన వాటికి మార్కులు బాగా పడ్డాయి. చిన్నదీ చవుకదీ అని కనబడినదానికి పడలేదు. తెర వేసేసరికి ఈ అంతరాలు చాలావరకు కుంచించుకుపోయాయి. ఆ శ్రోతలు బయటివారు కారు. స్పీకర్లు తయారుచేసే సంస్థలోనే పనిచేసేవారు.

2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు మరొక పరీక్ష చేశారు. సీడీకంటె ఎక్కువ సమాచారం గల ఖరీదైన రికార్డింగును ఒకసారి నేరుగానూ, మరొకసారి సీడీ ప్రమాణానికి కుదించీ వినిపించి, ఏది ఏదో పోల్చుకోమన్నారు. 550కి పైచిలుకు సార్లు అడిగితే, సరైన జవాబులు సుమారు సగం వచ్చాయి. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వస్తాయి. రెండవ పక్షం కూడా చెప్పడం న్యాయం. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ ఇటువంటి 18 ప్రయోగాలను, అందులోని 12,000కు పైగా పరీక్షలను కలిపి లెక్కకట్టాడు. నూటికి 52 సార్లకు కొంచెం పైగా శ్రోతలు భేదాన్ని సరిగా గుర్తించారనీ, శిక్షణ పొందినవారిలో యీ సంఖ్య ఇంకొంత హెచ్చనీ ఆయన తేల్చాడు. కనుక భేదం శూన్యమని ఎవరూ పంతం పట్టనక్కరలేదు. ఐతే నూటికి యాభైకీ, యాభైరెండుకూ మధ్య వున్న ఆ సన్నని సందును పట్టుకుని, ఇది మరో లోకపు సంగీతమని ఉపన్యసించడం మాత్రం మోసమే.

అన్నిటికంటె ఆలోచించదగిన ఫలితం ఆలివ్ 2003లో ప్రకటించినది. అందులో 260 మందికి పైగా శ్రోతలు తెరచాటున స్పీకర్లను విన్నారు. వారిలో ధ్వనిని విమర్శించడంలో ప్రత్యేక శిక్షణ పొందినవారు కొద్దిమంది, ఆ శిక్షణ లేనివారు ఎక్కువమంది. శిక్షణ పొందినవారు తమ తీర్పు మీద మరింత నిలకడగా నిలబడ్డారు. మార్కులు వెయ్యడంలో మరింత కఠినంగా వున్నారు. అంతవరకు చదువు చదువే. కాని ఏది మంచిది, ఏది దాని తరువాతిది అన్న వరసలో మాత్రం రెండు వర్గాలవారూ సుమారుగా ఏకీభవించారు. ధ్వనిని దాచకుండా, వక్రించకుండా ఉన్నదున్నట్టు పలికించే స్పీకరే అందరికీ నచ్చింది.

సాహిత్య విద్యార్థులకు ఈ ఫలితం కొత్తగా అనిపించనక్కరలేదు. శిశువుకూ పశువుకూ పాముకూ కూడా గానరసం తెలుస్తుందని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఐనా మన సమాజంలో రసం కొందరికే దక్కుతుందనే సిద్ధాంతం చావలేదు; వేషాలు మార్చుకుంటూ వచ్చింది. వాడుకభాషలో రసం పలకదని ఒకప్పుడు పండితులు వాదించారు. గిడుగు రామమూర్తి ఆ వాదంతో పోరాడి, జనం మాట్లాడే భాషకు పుస్తకంలో చోటు సంపాదించవలసివచ్చింది. నాడు వ్యాకరణం చేసిన పనిని నేడు ధర చీటీ చేస్తున్నది. "నీకు తేడా వినబడడం లేదా? నీ చెవికి ఇంకా సంస్కారం రాలేదు. నీ పరికరం ఇంకా పై తరగతిది కావాలి" అని అది చెబుతున్నది. విన్నవాడు తన చెవిని అనుమానించడం నేర్చుకుంటున్నాడు. డబ్బు పోవడం కంటె ఇది పెద్ద నష్టం. ఆలంకారికులు చెప్పిన సహృదయుడికి కావలసింది నిర్మలమైన మనస్సు. తన అనుభవాన్ని తానే నమ్మలేని మనస్సుకు ఆ నిర్మలత్వం ఎక్కడినుంచి వస్తుంది?

2022లో బయటపడిన ఒక ఉదంతం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ పాత సంగీతాన్ని మూలటేపులనుంచి నల్లని వినైల్ రికార్డుల మీదికి ఎక్కించి, మామూలు రికార్డుల కంటె చాలా ఎక్కువ ధరకు అమ్ముతూవుండేది. డిజిటల్ ప్రక్రియ సోకితే నాదంలో ప్రాణం పోతుందనీ, అది తమ చెవికి ఇట్టే తెలిసిపోతుందనీ నమ్మే రసికులు వాటిని ఎగబడి కొన్నారు; ప్రశంసలతో ముంచెత్తారు. ఆ ఏడు జూలైలో అసలు సంగతి తెలిసింది. అప్పటికి చాలా సంవత్సరాలుగా ఆ రికార్డులలో అనేకం తయారయ్యే దారిలో డిజిటల్ మజిలీ ఒకటి వున్నదని కంపెనీ ఇంజనీర్లే ఒప్పుకున్నారు. కొన్నవారు కోర్టుకెక్కారు. చివరకు కంపెనీ రెండున్నర కోట్ల డాలర్లవరకు పరిహారం చెల్లించేటట్టు రాజీ కుదిరింది.

ఈ కథ విని ఆ రసికులను చూసి నవ్వడం తేలిక. కాని నవ్వుతో ఆగిపోతే పాఠం చేజారిపోతుంది. ఆ రికార్డులు బాగున్నాయని వారి చెవులు చెప్పినమాట అబద్ధం కాదు. అవి నిజంగానే శ్రద్ధగా చేసిన రికార్డులు. అబద్ధమైనది ఆ బాగుకు వారు చెప్పుకున్న కారణం. చెవి నిజం చెప్పింది, సిద్ధాంతం తప్పింది. మరి వారు హెచ్చుధర చెల్లించింది దేనికి? విన్నదానికి కొంత, నమ్మినదానికి ఎంతో. సంగతి తెలిసిన మరునాడు ఆ పళ్లెంలో ఒక్క గీత కూడా మారలేదు. ఐనా చాలామందికి దానిమీద మమకారం పోయింది. వారు కొన్నది ధ్వనిని మాత్రమే ఐతే, వింటున్నది మారనప్పుడు ఆనందం పోవలసిన కారణం లేదు.

వస్తువుకు ఉపయోగపు విలువ ఒకటి, మారకపు విలువ ఒకటి వుంటాయని మనం చదువుకున్నాం. ఈ రెంటికీ తోడు, నలుగురిలో యజమాని అంతస్తును చాటే గుణం వస్తువుకు మరొకటి వున్నది. అమెరికన్ ఆర్థికవేత్త వెబ్లెన్ 1899లో ప్రచురించిన తన గ్రంథంలో వెండి చెంచాను ఉదాహరణగా తీసుకున్నాడు. చేత్తో చేసిన వెండి చెంచా యంత్రం చేసిన అల్యూమినియం చెంచా కంటె బాగా పులుసు అందించదు. ఐనా దాన్నే అందమైనదంటాం. ఖరీదే కంటికి అందంగా కనబడుతుందని ఆయన విశ్లేషణ. లక్షరూపాయల తీగ ఈనాటి వెండి చెంచా. కొద్ది మీటర్ల దూరానికి తగినంత లావు గల మామూలు రాగితీగ ఎంత కరెంటును ఎలా మోస్తుందో, ఆ ఖరీదైన తీగ కూడా అంతనే అలాగే మోస్తుంది. చెంచా కనీసం నలుగురూ చూసే భోజనాల బల్లమీద వుంటుంది; తీగ సోఫా వెనుక దాగివుంటుంది. అందుచేత దాని మహిమను చాటడానికి ఇంత సాహిత్యం అవసరమవుతున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది బలమైనది గనుక దాటవేయకూడదు. "మీరు చేనేతచీర కొనమంటారు. మరమగ్గం చీర అందులో సగం ధరకే వస్తుంది. ఒళ్లు రెండూ కప్పుతాయి. ఎక్కువ ధర పెట్టి గద్వాల చీరనో, వెంకటగిరి చీరనో కొనడం ధర్మమైనప్పుడు, కొద్దిమంది పనివాళ్లు చేత్తో కూర్చి, యాభైయేళ్లు నిలిచేటట్టు చేసిన యాంప్లిఫయర్‌ను కొనడం అధర్మం ఎలా అవుతుంది?" అని అడగవచ్చు.

అధర్మం కాదనే నా జవాబు. పనితనానికి, మన్నికకు, చెడిపోతే విప్పి బాగుచేసుకునే వీలుకు, చిన్న కార్ఖానాలో తక్కువ సంఖ్యలో తయారైనందుకు అయ్యే ఖర్చుకు ధర చెల్లించడం శ్రమను గౌరవించడమే. ఏటేటా పారేసి కొత్తది కొనే ప్లాస్టిక్ పెట్టెలకంటె అటువంటిది చవుక కూడా కావచ్చు. చేనేత పనివాడు చెప్పేదేమిటి? ఇది చేత్తో నేసింది, ఇన్నాళ్లు పట్టింది, ఈ అంచు ఇలా కలిపాను – ఇంతే. ఈ చీర కట్టుకుంటే జ్వరం రాదని అతను చెప్పడు. ఖరీదైన యంత్రం చేసినవాడు కూడా తన పనితనాన్నే చెప్పి దానికి ధర అడిగితే పేచీ లేదు. ఆ మాట వదిలి, చెవికి అందని మహిమలను చెప్పి ధర అడిగినప్పుడే అన్యాయం మొదలవుతుంది. కాబట్టి ఎక్కువ ధర అన్నంతమాత్రాన నేరం లేదు. ఆ ధరలో ఎంత శ్రమ, ఎంత అబద్ధం కలిసివున్నాయో విడదీసి చూడడమే మన పని.

అలా విడదీసి చూస్తే మరొక విశేషం కూడా కనబడుతుంది. ధ్వనిని నిజంగా బాగుచేసే వాటిలో చాలావాటికి ధర చీటీలే లేవు. మొదటిది రికార్డింగు. 1951 నాటి "మల్లీశ్వరి" పాటలు ఆనాటి సాధనాలతో, ఒకే దారిన ముద్రితమైన ధ్వని. వాటికి కోటిరూపాయల యంత్రం తగిలిస్తే సాలూరి రాజేశ్వరరావు బాణీలు కోటింతలు మధురం కావు; పాత టేపులోని బుసబుస మాత్రం మరింత స్పష్టంగా వినబడుతుంది. ఈ కాలపు రికార్డింగులలో మరో రోగం వున్నది. పక్క పాటకంటె గట్టిగా వినబడాలనే పోటీలో హెచ్చుతగ్గులన్నిటినీ తొక్కి ఒకే మట్టానికి తెస్తారు. గుసగుసకూ గర్జనకూ తేడా చెరిపేసిన పాటకు ఏ పెట్టే ఆ తేడాను తిరిగి ఇవ్వలేదు.

రెండవది గది. నున్నని గోడలు, ఖాళీ నేల, గాజు కిటికీలు వున్న గదిలో ఎంత ఖరీదైన స్పీకరైనా గోల చేస్తుంది. స్పీకరును గోడకు కొంచెం ఎడంగా జరిపి, ఒక తివాచీ పరిచి, పుస్తకాల బీరువా ఒకటి గోడ వారగా నిలిపితే వచ్చే మార్పు తీగలు మార్చినందువల్ల రాదు. ఈ రహస్యం ఎప్పటిదో. నాట్యశాస్త్రం రెండవ అధ్యాయంలో భరతుడు ప్రేక్షాగృహ నిర్మాణం చెబుతూ, మనుషులకు 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు గల మధ్యమ మండపమే తగినదని నిర్ణయించాడు. అంతకు మించితే పలికిన మాట స్ఫుటంగా అందదనీ, ముఖంలోని భావం కనబడదనీ కారణం చెప్పాడు. మండపం కొండగుహలా వుండాలనీ, గాలి జోరు లేకుండా నాదం గంభీరంగా నిలవాలనీ అన్నాడు. భరతుడి లెక్కలో ఒక విశేషం గమనించాలి. మంచి స్థానంలో కూర్చున్న ఒక్కడికోసం ఆయన ఆ కొలతలు చెప్పలేదు. సభ మొత్తానికి వినబడడం కోసం చెప్పాడు. ఈనాటి ఖరీదైన గృహశ్రవణ యంత్రాలలో అనేకం ఒకే కుర్చీని దృష్టిలో పెట్టుకుని అమర్చబడతాయి. ఆ కుర్చీలో కూర్చున్నవాడికే సంగీతం. పక్కన కూర్చున్న భార్యకు అందులో సగం.

సంగీతయంత్రం చరిత్రలో నడిచిన దారికి ఇది ఎదురు దారి. 1902లో గ్రామఫోన్ కంపెనీవారు కలకత్తాలో గౌహర్‌జాన్ గొంతును రికార్డు చేశారు. జమీందారుల కొలువుల్లో, కలవారి ముంగిళ్లలో మాత్రమే వినబడుతూ వచ్చిన గొంతులు రికార్డుల మీదుగా మెల్లమెల్లగా కాఫీ హోటళ్లదాకా వచ్చాయి. 1925లో విద్యుత్ రికార్డింగు రాకముందు గాయకులు ఒక బూర ముందు నిలబడి గొంతు చించుకుని పాడవలసివచ్చేది. మంద్రంలో కొంత, తారంలో కొంత రాలిపోయేది. పళ్లెం ఒక పక్క మూడు నిమిషాలకంటె నడిచేది కాదు. ఐనా ఆ గరగరల మధ్యనుంచే ఒక తరం తన సంగీతరుచిని పెంచుకుంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమాను పట్టు ఎటువంటిదో తరువాతి తరాలకు తెలిపింది కూడా ఆ పాత పళ్లేలే. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం వచ్చింది. పంచాయతీ ఆఫీసు గోడమీది స్పీకరు సాయంకాలం ఊరి మధ్య మాట్లాడసాగింది.

ఆ రోజులు స్వర్ణయుగమని నేను అనబోవడం లేదు. పంచాయతీ అరుగుమీద ఎవరు కూర్చుంటారు, ఎవరు దూరంగా నిలబడతారు అన్నది ఆ ఊరి కులవ్యవస్థే నిర్ణయించింది. కాని స్పీకరు నోటినుంచి వచ్చిన పాట ఆ గీత దగ్గర ఆగలేదు. దూరంగా నిలబడినవాడి చెవికీ అది చేరింది. యంత్రం చేసిన గొప్ప పని అదే. ఆ పాట అరకొర ధ్వనితో చేరింది గనుక అదే చాలునని నేటికీ అనడం మరో అన్యాయం. "జనానికి మామూలు మైకు చాలు, రసికులకు మంచి యంత్రం కావాలి" అనే విభజన మన ఆలోచనలలో తెలియకుండానే పాతుకుపోయింది. జనం కోసం పనిచేస్తున్నామనే సభలలో కూడా గీపెట్టే స్పీకర్ల కింద జనాన్ని కూర్చోబెట్టి, వారి చెవులు దేనికైనా ఓర్చుకుంటాయని మనం అనుకుంటాం. తరగతిలో పద్యం చదివి వినిపించే పని చేస్తున్నవాడిగా ఒక మాట చెప్పగలను. రేకుల కప్పు కింద నూరుమందిని కూర్చోబెట్టిన గదిలో వెనుక వరుసవాడికి పద్యంలో హల్లులు అందవు. అచ్చుల మోత మాత్రం అందుతుంది. వాడికి పద్యం మీద ఆసక్తి లేదని మనం తీర్పు చెబుతాం. పద్యం అసలు వాడిదాకా రాలేదు.

డబ్బు వెళ్లే దారి కూడా చూడాలి. లక్షలు పోసి యంత్రం కొన్నవాడు దానిలో వినే పాటకు నెలకు నూరో రెండు నూర్లో చందా కట్టి, ప్రపంచంలోని సంగీతమంతా తన గుప్పిట్లో వున్నదని సంతోషిస్తాడు. ఆ చందాలో వయొలిన్ వాయించినవాడికి, మృదంగం పట్టినవాడికి చేరేది పైసలలో లెక్క. ఇంటిలో వున్న యంత్రానికి గాయకుడి జీవితకాలపు సంపాదనకంటె ఎక్కువ వెల కట్టి, ఆ గాయకుడి కచేరీకి టిక్కెట్టు కొనడానికి వెనుకాడే రసికత ఎటువంటిదో పాఠకులే ఆలోచించాలి. పాడేవాడు లేకపోతే ఈ యంత్రం బీరువాకంటె మేలైన వస్తువు కాదు.

ఐతే చివరకు జవాబేమిటి? మంచి శ్రవణయంత్రం కొనడం తప్పు కాదు. చెడ్డ ధ్వనితో సరిపెట్టుకోవడం సుగుణమూ కాదు. కళ్లు మూసుకుని విన్నప్పుడు కూడా చెవి గుర్తించగల మేలుకు ధర చెల్లించవచ్చు. చేసినవాడి శ్రమకు, వస్తువు మన్నికకు ధర చెల్లించవచ్చు. ఆ రెండూ అయిపోయిన తరువాత మిగిలిన ధర దేనికని అడగాలి. దానికి జవాబుగా మన చెవినే తప్పుపడుతున్నారంటే, అక్కడ సంగీతం ముగిసి బేరం మొదలైందని గ్రహించాలి.

ఇది కొనగలవాడికి జవాబు. కొనలేనివాడి సంగతి ఇంకా మిగిలేవున్నది. పరీక్షలు తేల్చిందేమంటే మంచి నాదాన్ని గుర్తించే శక్తి అతనికీ మనకూ సమానమేనని. ఆ శక్తి వాడకుండా మొద్దుబారిపోతున్నదంటే ఆ బాధ్యత అతనిది కాదు. ఒక తీగకు కొందరు పెట్టే ధరతో ఒక గ్రంథాలయంలో చక్కని శ్రవణమందిరం ఏర్పాటు చెయ్యవచ్చు. ఒక పాఠశాల హాలులో ప్రతిధ్వని తగ్గించి, చివరి బల్లమీది పిల్లవాడికి కూడా పద్యం అక్షరం అక్షరంగా వినిపించవచ్చు. ధనవంతుల జేబులు చూసి ఈ లెక్క చెప్పడం లేదు. మన సంఘాలు, కళాశాలలు, మునిసిపాలిటీలు సభామందిరాలు కట్టేటప్పుడు చేసుకోవలసిన లెక్క యిది. పాలరాతి మెట్లకూ, శిలాఫలకానికీ డబ్బు చాలినప్పుడు వినికిడికి ఎందుకు చాలదో అడగవలసినవాళ్లం మనమే.